పట్టణమును గూర్చిన భయము, నేరముల లెక్క

చీకటి పడిన పిమ్మట నిజామాబాదు బస్‌స్టాండునుండి ఒంటరిగా ఊరు చేరవలసి వచ్చినచో, మా మోస్రా వంటి గ్రామములవారికి మనస్సు కొంత జంకును. ఆడపిల్ల పట్టణమున చదువుకొనుచున్నచో, సాయంకాలపు బస్సు వచ్చువరకు తల్లి వాకిటనే నిలిచియుండును. "పట్నము పాడైపోయినది, ఎవరిని నమ్ముటకును వీలులేదు" అను మాట అరుగులమీదను, కల్లములవద్దను, బస్సులలోను వినవచ్చుచునే యుండును. ఎట్లు తెలిసినదని అడిగినచో, తమకు జరిగినదానిని చెప్పువారు అరుదు. ఎవరో చెప్పగా విన్నదియో, టెలివిజనులో చూచినదియో, ఫోనులో వచ్చినదియో చెప్పుదురు.

ఈ భయము నిజమైన ఆపదకు తగిన కొలతలో నున్నదా, లేదా అనునదే మేము ఈ ప్రసంగమున విచారింపదలచిన విషయము. భయము మనస్సున నుండునది. ఆపద లోకమున నుండునది. ఈ రెండును కొన్నిచోట్ల కలసి నడచును, కొన్నిచోట్ల వేరుదారులు పట్టును. వేరుదారులు పట్టినపుడు ఎంత అనర్థము వాటిల్లునో మన జిల్లాయే 2018లో చూచినది. ఆ సంగతికి వచ్చుటకు ముందు నేరముల లెక్క ఎట్లు తయారగునో కొంత తెలిసికొనుట మంచిది.

మన దేశమున నేరముల లెక్కలు 1953వ సంవత్సరమునుండి ఏటేట గ్రంథరూపమున వెలువడుచున్నవి. 1986లో ఏర్పడిన జాతీయ నేర రికార్డుల బ్యూరో నేడు ఆ పనిని నిర్వహించుచున్నది. పోలీసు స్టేషనులో ఎఫ్.ఐ.ఆర్. నమోదైనపుడే ఒక నేరము ఆ లెక్కకు ఎక్కును. ఒకే సంఘటనలో పలు నేరములు కలసియున్నచో, వానిలో మిక్కిలి ఘోరమైనదానినే లెక్కింతురు. బాధితుడు చెప్పుకొనని నేరము గాని, చెప్పుకొన్నను వ్రాసికొనని నేరము గాని అందు కానరాదు. కావున లెక్క పెరిగినంతమాత్రమున నేరము పెరిగినదని చెప్పుటకు వీలులేదు. జనము ధైర్యముగా స్టేషను మెట్లెక్కి ఫిర్యాదు చేయుట మొదలిడినను లెక్క పెరుగును. అట్టి పెరుగుదల ఒక్కొక్కపుడు శుభసూచకమే.

ఒక ఉదాహరణము చూతము. 20 లక్షలకు మించిన జనాభా గల 19 మహానగరములను బ్యూరోవారు పోల్చి చూపుచుందురు. 2022లో లక్షమందికి నమోదైన విచారణార్హ నేరములు కలకత్తాలో 86.5, పూనాలో 280.7, హైదరాబాదులో 299.2. ఈ అంకెలను చూచి, హైదరాబాదు కలకత్తాకంటె మూడున్నర రెట్లు ప్రమాదకరమైన నగరమని తీర్మానింపవచ్చునా? ఫిర్యాదులు వ్రాసికొను అలవాటు రెండుచోట్లను ఒక్కటే యైననే అట్లు చెప్పవచ్చును. ఇక నిజామాబాదు, బోధను వంటి పట్టణములు ఆ పట్టికలో లేనేలేవు. కాబట్టి ఆ పట్టికను చూచి మన పట్టణమును గూర్చి ధైర్యము చెప్పుకొనుటకును, దిగులుపడుటకును ఆధారము లేదు.

అయినను ఒక నేరమునకు సంబంధించిన లెక్క తక్కినవానికంటె నమ్మదగినది. అది హత్య. దొంగతనమును చెప్పక ఊరకుండువారుందురు, అవమానమును మ్రింగికొనువారుందురు, మనిషి ప్రాణము పోయినపుడు దాచుట కష్టము. 1992లో మన దేశమున నమోదైన హత్యలు 40 వేలకు పైబడినవి. అనగా లక్షమంది జనాభాకు నాలుగుకు మించినవి. ముప్పదియేండ్ల పిమ్మట, 2022లో, నమోదైన హత్యలు 28,522. లక్షకు 2.1. ఈ మధ్యకాలమున జనాభా ఎన్నియో కోట్లు పెరిగినది, పట్టణములు విస్తరించినవి, హత్యలు మాత్రము తగ్గినవి. కాలము చెడిపోయినదని అరుగుమీద చెప్పుకొనుచున్న ఆ ముప్పదియేండ్లలోనే ఇది జరిగినది.

ఆ హత్యలకు కారణములేమో చూచినచో మరియొక విశేషము కానవచ్చును. 2022 నాటి 28,522 హత్యలలో తగాదాల మూలమున జరిగినవి 9,962. వ్యక్తిగతమైన పగలు, వైరముల వలన జరిగినవి 3,761. సొమ్ముకొరకు, లాభముకొరకు చేసినవి 1,884. గట్టు తగాదా, పాలు పంపకము, ఇంటి కలహము అనునవి చీకటిసందులోని కత్తికంటె పెక్కు రెట్లు ఎక్కువ ప్రాణములను తీసికొనుచున్నవన్నమాట. మనము జంకునది ముక్కు మొగము తెలియని దుండగుని చూచి. పగవాడు సాధారణముగా మొగము తెలిసినవాడే.

ప్రాణభయమును గూర్చియే మాటాడవలెనన్న రోడ్డును మరువరాదు. 2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. అదే యేటి హత్యలకు ఇది దాదాపు ఆరు రెట్లు. రాత్రివేళ ఊరు చేరవలసినవాడు దొంగను తలచుకొని వణకుచు, హెల్మెటు లేక మోటారుసైకిలెక్కి, వెనుక దీపము లేని చెరకు ట్రాక్టరు నీడలో పోవుచుండును. అతని భయము అబద్ధము కాదు; అది చూచుచున్న దిక్కు మాత్రము వేరు.

మరి నేరము తగ్గినచోటకూడ భయమేల పెరుగుచున్నది? దీనిని గూర్చి లోకమున చాల పరిశోధనలు జరిగినవి. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున జార్జి గెర్బ్నరు అను ఆచార్యుడు 1970 దశకమునుండి టెలివిజను ప్రభావమును పరిశీలించి, ఎక్కువసేపు టెలివిజను చూచువారు తక్కువసేపు చూచువారికంటె లోకమును క్రూరమైనదిగా తలంతురని చెప్పెను. ఆ దేశమునందే 1990 దశకపు తొలి సంవత్సరములనుండి హింసాత్మక నేరములు సగమువరకు తగ్గిపోయినవి. అయినను గాలప్ సంస్థవారు ఏటేట అడిగినపుడు, నేరములు నిరుటికంటె పెరిగినవనియే పెక్కేండ్లు అధికసంఖ్యాకులు చెప్పుచు వచ్చిరి. మీ పేటలో పెరిగినవా యని అడిగినచో మాత్రము అవునన్నవారు తక్కువ. కంటికి కనబడు వీథి బాగున్నది; కంటికి కనబడని దేశము చెడిపోయినది! మనయందును ఇంతే. మోస్రావారు నిజామాబాదును, నిజామాబాదువారు హైదరాబాదును, హైదరాబాదువారు ఢిల్లీని తలచుకొని జంకుచుందురు.

ఇందుకు రెండు కారణములు చెప్పవచ్చును. వేయి ఇండ్లలో ఏమియు జరుగని రాత్రి వార్త కానేరదు. ఒక ఇంట జరిగిన ఘోరము వార్త యగును. అదే దృశ్యమును రోజుకు ఇరువదిసార్లు చూపినపుడు, ఇరువది ఘోరములు జరిగినట్లు మనస్సు లెక్క వేసికొనును. ఇది మొదటిది. రెండవది, మనస్సు నేరమును స్వయముగా చూడలేదు గనుక గుర్తులను చూచి ఊహించుకొనును. వెలుగని వీథిదీపము, ముళ్ళపొదలు పెరిగిన ఖాళీస్థలము, మూసియున్న దుకాణముల వరుస, మన యాస కాని యాసలో మాటాడు నలుగురు మనుష్యులు, ఇవి భయమునకు గుర్తులగుచున్నవి. దీపము సంగతి మునిసిపాలిటీవారు చూడవలసినది. మనుష్యుల సంగతి మాత్రము మనము చూడవలసినది.

ఈ చెరకుసీమ చరిత్ర తెలిసినవారికి క్రొత్తవాడు భయకారణము కారాదు. 1931లో నిజాంసాగరము పూర్తియై కాలువలలో మంజీరజలము పారిన పిమ్మటనే ఈ నేలకు సిరి వచ్చినది. ఆ నీటిని చూచి కోస్తా జిల్లాలనుండి రైతులు తరలివచ్చి వర్ని, బోధను ప్రాంతములలో క్యాంపులు కట్టుకొనిరి. 1937లో బోధనునందు నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారము పలుదిక్కుల జనమును శక్కర్‌నగరుకు రప్పించినది. 2015లో అది మూతపడినదాక ఎందరో పరస్థలమువారికి అదియే అన్నము పెట్టినది. చెరకు నరుకుటకు మరాఠ్వాడానుండి కూలీలు బండ్లతో వచ్చెడివారు. నేడు వరినాట్లకును, రైసుమిల్లులలో మూటలు మోయుటకును బీహారునుండి వచ్చుచున్నారు. నిన్నటి క్రొత్తవాడు నేడు ఊరిపెద్ద. ఆ ఊరిపెద్దయే నేటి క్రొత్తవానిని అనుమానముతో చూచినచో ఏమనవలెను?

అనుమానము ఎంతవరకు పోగలదో 2018 వేసవిలో తెలిసినది. పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తెలంగాణమున తిరుగుచున్నవనియు, రాత్రులందు ఇండ్లపై బడి చంపుచున్నవనియు వాట్సాపులో కబురులు వ్యాపించినవి. వానితోపాటు ఒక చలనచిత్రపు తునక దేశమంతటను తిరిగెను. మోటారుసైకిలుపై వచ్చిన ఇద్దరు మనుష్యులు వీథిలో ఆడుకొనుచున్న పిల్లవానిని ఎత్తుకొనిపోవుట అందున్నది. నిజమునకు అది పాకిస్తానులోని కరాచీ నగరమున, పిల్లల భద్రతను గూర్చి తల్లిదండ్రులకు హెచ్చరిక చేయుటకై తీసిన ప్రచారచిత్రము. పిల్లవానిని తిరిగి తెచ్చి దించి, హెచ్చరిక పలకను చూపు కడపటి భాగమును ఎవరో కోసివేసిరి. మేలుకొరకు తీసిన చిత్రము తోక తెగినంతనే విషమైపోయెను.

ఆ మే నెలలో మన నిజామాబాదు జిల్లా భీమ్‌గల్ మండలమునందలి చెంగల్ గ్రామమున జనము గుమిగూడి, దొంగయను అనుమానముతో ఒక మనుష్యుని కొట్టి చంపిరి. ఆ దినములలోనే యాదాద్రి భువనగిరి జిల్లా బీబీనగర్ మండలము జియాపల్లిలో ఒక ఆటో డ్రైవరు అట్లే మరణించెను. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో, రంజాను మాసమున యాచనకై మహబూబునగరు ప్రాంతమునుండి వచ్చిన హిజ్రాలపై గుంపు పడగా వారిలో ఒకరు ప్రాణము గోల్పోయిరి. జులై 13వ తేదీన, మన పొరుగుననే యున్న బీదరు జిల్లా ముర్కి గ్రామమున, బడిపిల్లలకు చాక్లెట్లు పంచినారను కారణముచేత హైదరాబాదునుండి పోయిన మిత్రబృందమును తరిమికొట్టిరి. అందొక యువ ఇంజనీరు చనిపోయెను. పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు లేవని పోలీసు అధికారులు పదేపదే ప్రకటించుచుండగానే ఈ ఘోరములు జరిగినవి.

శ్రోతలు ఇచట ఒక విషయమును గమనింపవలయును. ఆ నెలలలో మన పల్లెలకు కలిగిన అపాయము ముఠాలవలన వచ్చినది కాదు, భయమువలన వచ్చినది. హంతకులైనవారు వృత్తిరీత్యా దుండగులు కారు. తమ పిల్లలను కాపాడుకొనుచున్నామని నమ్మిన గృహస్థులు. తప్పుదారి పట్టిన భయము సాధువును నేరస్థుని చేయగలదు.

ఈ అనుమానమునకు పాత వేరు ఒకటి కలదు. ఆ కబురులలో మహారాష్ట్రమునందలి పార్థీ అను సంచారజాతి పేరు వినబడినది. 1871లో ఆంగ్ల ప్రభుత్వము చేసిన నేరజాతుల చట్టము కొన్ని జాతులవారిని పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసినది. పార్థీలకు ఆ ముద్ర పడినది. మన తెలుగునాట ఎరుకలవారికిని పడినది. గుంటూరు సీమలో సాల్వేషన్ ఆర్మీవారి పాలనలో వెలసిన స్టువార్టుపురము ఆ చట్టపు బిడ్డయే. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1952లో ఆ చట్టము రద్దయినది. కాగితముపైనుండి తొలగిన ముద్ర జనుల నాలుకలపైనుండి తొలగలేదు. గంగిరెద్దులవాడు, బుడబుక్కలవాడు, చిక్కువెండ్రుకలు కొనుటకు వచ్చువాడు, వీరందరు తరతరములుగా మన వాకిళ్ళకు వచ్చినవారే. వారి గంటచప్పుడు విని తలుపు వేసికొను తరము తయారైనచో లోపము వారిది కాదు.

భయమును నివారించిన ఉదాహరణము కూడ మన రాష్ట్రమునందే యున్నది. జోగులాంబ గద్వాల జిల్లాకు ఆ కాలమున పోలీసు సూపరింటెండెంటుగా నున్న శ్రీమతి రెమా రాజేశ్వరిగారు, పల్లెలలో తల్లులు పిల్లలను వీథిలో ఆడుకొననీయకుండుటను తమ సిబ్బంది ద్వారా మార్చి నెలలోనే గ్రహించిరి. ఒక్కొక్క గ్రామమును ఒక్కొక్క పోలీసు ఉద్యోగికి అప్పగించిరి. డప్పు వేయించిరి, పాటలు పాడించిరి, గ్రామ పెద్దలను కలసికొనిరి, ఊరి వాట్సాపు బృందములలో పోలీసులను చేర్పించిరి. వారి అధికారములోని 400కు పైగా గ్రామములలో ఒక్క ప్రాణమైన పోలేదు. కబురు పుట్టిన నెలలోనే సమాధానము గడపకు చేరుటయే ఇందలి రహస్యము. జులై 17న సర్వోన్నత న్యాయస్థానము, మూకహింసను అరికట్టుటకు ప్రతి జిల్లాకు ఎస్.పి. హోదాకు తగ్గని అధికారిని నియమింపవలెనని ఆదేశించెను. అదే నెలలో వాట్సాపు సంస్థ, మన దేశమున ఒక సందేశమును ఒకమారు ఐదుగురికి మించి పంపుటకు వీలులేకుండ చేసినది.

ఇంతమాత్రమున భయమే వలదనుట మా అభిప్రాయము కాదు. రాత్రివేళ బస్సు దిగు ఆడపిల్లతో "లెక్కలు తగ్గినవి, నీకేమి భయము?" అనుట న్యాయము కాదు. ఆమె ఎదుర్కొను వెకిలిచూపులలో, మాటలలో నూటికొకటియైన ఎఫ్.ఐ.ఆర్. వరకు పోవునా? లెక్కకెక్కని బాధయు బాధయే. 2014 అక్టోబరులో హైదరాబాదున మొదలై జిల్లాలకు వ్యాపించిన షీ టీములు ఈ లోటును కొంత తీర్చుటకై ఏర్పడినవి. అయితే ఆ భయమునకు మందు కాలేజీ మాన్పించుట కాదు. దీపము వెలిగించుట, బస్సు వేళకు నడపుట, ఫిర్యాదును మారుమాటాడక వ్రాసికొనుట. భయపడి చదువు మానిన పిల్లకు జరిగిన నష్టము ఏ నేరముల పట్టికలోను ఎక్కదు. కాని అది జీవితకాలపు నష్టము.

భయమును తగిన తావులకు మరలింపవలయును. మానభంగపు కేసులలో నూటికి 90కి పైగా నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడని బ్యూరో లెక్కలు ఏటేట చెప్పుచున్నవి. బంధువు, పొరుగువాడు, స్నేహితుడు, పని ఇచ్చినవాడు అనువారలపై అనుమానము పెంచుకొనుమని మా భావము కాదు. పిల్ల ఏదైన చెప్పవచ్చినపుడు "ఆయన అట్టివాడు కాడు" అని నోరు మూయింపరాదు. ఆపదలోనున్న పిల్లలకొరకు 1098 అను నంబరు కలదు.

సొమ్ము సంగతియు ఇట్లే. తలుపునకు రెండు తాళములు వేసికొని, చేతిలోని ఫోనులో బ్యాంకువారమని పలికినవానికి రహస్యసంఖ్యను చెప్పివేయువారిని చూచుచున్నాము. 2022లో సైబరు నేరములు దేశమునందెల్ల అధికముగా నమోదైనది మన తెలంగాణములోనే. వాని సంఖ్య 15,297. ఇందు మన పోలీసులు శ్రద్ధగా నమోదు చేయుటయు ఒక కారణమై యుండవచ్చును. అయినను ఆ మోసములు నిజమైనవి. ఈ దొంగకు చీకటితో పనిలేదు, పట్టణమునకు రానక్కరలేదు, మోస్రాలో మంచముపై కూర్చున్నవానిని పట్టపగలే దోచుకొనును. మోసము తెలిసిన వెంటనే 1930కి ఫోను చేసినవారికి సొమ్ము దారిలోనే ఆపు అవకాశముండును. ఆలస్యమైనకొలది ఆ అవకాశము సన్నగిల్లును.

ఇక భయము పుట్టించు కబురు చేతికి వచ్చినపుడు మూడు ప్రశ్నలు వేసికొనుట అలవాటు చేసికొందము. ఇది ఏ ఊరిలో, ఏ తేదీన జరిగినది? కన్నులార చూచినదెవరు? మన పోలీసు స్టేషనువారు ఏమనుచున్నారు? ఈ మూడింటికి జవాబు లేని కబురు మనవద్దనే ఆగిపోవలెను. అనుమానము కలిగించు మనుష్యుడు నిజముగా కనబడినచో 112కు ఫోను చేయవచ్చును. చేయి చేసికొనుటకు ఎవరికిని హక్కులేదు. గుంపు గుమిగూడినపుడు "ఆగుడు, ముందు అడుగుదము" అను ఒక్క గొంతు చాలసార్లు చాలును. ఆ గొంతు ఊరి సర్పంచిది కావచ్చును, బడిపంతులుది కావచ్చును, వృద్ధురాలిది కావచ్చును.

చెరకు కోతలును, వరినాట్లును మరల వచ్చుచునే యుండును. వానితోపాటు పరస్థలపు మనుష్యులును వచ్చుచునే యుందురు. పని ముగించుకొని చీకటివేళ మన వీథిలో దారి తప్పిన మనుష్యుడు నిలిచియున్నచో, అతడు మనకంటె ఎక్కువగా భయపడుచున్నాడేమోయని ఒక్కమారు ఆలోచింతము. ఏ ఊరివాడవని మొదట అతనినే అడుగుదము.